కరెంటు ధరకు ఢిల్లీ కూడా జవాబు చెప్పాలి: కేంద్ర విద్యుత్ మంత్రి గారికి బహిరంగ లేఖ

శ్రీ మనోహర్ లాల్ గారికి,
కేంద్ర విద్యుత్ శాఖ మంత్రి, న్యూఢిల్లీ.

అయ్యా, నమస్కారం.

పార్లమెంటులో ప్రతిపక్షం కరెంటు ధరల గురించి నిలదీసినప్పుడు ప్రభుత్వం వైపు నుంచి తరచూ వినిపించే జవాబు ఒకటుంది: పంపిణీ రాష్ట్రాల పని, రేట్లు రాష్ట్ర నియంత్రణ కమిషన్లు నిర్ణయిస్తాయి. అందులో అబద్ధం లేదు. కానీ అది సగం జవాబే. మిగతా సగం నెలనెలా మా బిల్లులో కనిపిస్తోంది కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాను.

బెంగళూరు పీణ్యలో నాదొక చిన్న మెషిన్ షాపు. లేత్‌లు, ఒక మిల్లింగ్ మెషిన్, కంప్రెసర్ ఉన్నాయి. పనివాళ్ళలో ఎక్కువమంది హిందూపురం, మడకశిర వైపు వాళ్ళు. పెద్ద కంపెనీలకు జాబ్ వర్క్ చేస్తాం. పీసుకు ఇంత అని ఏడాది మొదట్లో ఒప్పుకుంటాం. పర్చేజ్ ఆర్డర్‌లో ఆ అంకె పడ్డాక మళ్ళీ ఏడాదిదాకా కదలదు. కరెంటు ఖర్చు మాత్రం కదులుతూనే ఉంటుంది. ఫిక్స్‌డ్ చార్జీ, యూనిట్ల చార్జీ, పన్ను కాకుండా బిల్లులో ఇంధన, విద్యుత్ కొనుగోలు ఖర్చు సర్దుబాటు అని ఒక వరుస ఉంటుంది. ఆరు నెలల తర్వాత అందులో ఎన్ని పైసలు పడతాయో, రేటు ఒప్పుకున్న రోజున నాకు తెలిసే దారి లేదు. ఆర్డర్లు తగ్గి మెషిన్లు ఆగిన నెలలో కూడా ఫిక్స్‌డ్ చార్జీ ఆగదు. జీతాలు ఆపలేం. ఇక కోత పడేది మా మిగులులోనే.

ఆ సర్దుబాటు వరుస ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. 2003 విద్యుత్ చట్టం 62వ సెక్షన్ ప్రకారం మామూలుగా ఆర్థిక సంవత్సరంలో ఒకసారికి మించి రేటు మార్చకూడదు. ఇంధన సర్‌చార్జీ సూత్రానికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. 64వ సెక్షన్ ప్రకారం రేటు ఖరారు చేసే ముందు కమిషన్ జనం అభ్యంతరాలు వినాలి. వసంతనగర్‌లోని కర్ణాటక కమిషన్‌కు నాలాంటివాడు కూడా కాగితం రాసి ఇవ్వొచ్చు. చట్టంలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే. అయితే 2022 డిసెంబరు 29న మీ మంత్రిత్వ శాఖ నియమాలను సవరించి ఆ సర్‌చార్జీ మినహాయింపునే రాచబాట చేసింది. కొనుగోలు ఖర్చులో వచ్చిన తేడా నెలనెలా దానంతటదే వినియోగదారుడి మీదికి వెళ్ళాలంది. అందుకు కమిషన్లు తొంభై రోజుల్లో సూత్రం పెట్టాలనీ, పెట్టకపోతే నియమాల్లో ఉన్న సూత్రమే అమలవుతుందనీ చెప్పింది. ఏడాది చివర లెక్క సరిచూస్తారు, నిజమే. ఆలోగా డబ్బు కట్టేసి ఉంటాం.

కరెంటు పంపిణీ చేసే డిస్కంలు బాకీల్లో మునగకూడదన్న మీ వాదన నాకు అర్థమవుతుంది. ఈరోజు దాచిన ఖర్చు రేపు వడ్డీతో మా నెత్తికే వస్తుంది. నా అభ్యంతరం వేరు. 2022 ఆగస్టు 8న విద్యుత్ సవరణ బిల్లును లోక్‌సభలో పెట్టినప్పుడు ప్రతిపక్షం గట్టిగా అడ్డుకుంది, బిల్లు స్థాయీ సంఘానికి వెళ్ళింది, చివరికి ఆ సభతోపాటే మురిగిపోయింది. నాలుగు నెలల తర్వాత వచ్చిన నియమం మాత్రం దేశమంతటా బిల్లుల్లోకి దిగింది. 179వ సెక్షన్ ప్రకారం అలాంటి నియమాన్ని ముప్పై రోజులు ఉభయ సభల ముందు ఉంచాలి. సవరణ కోరే హక్కు సభ్యులకు ఉంది. ప్రతిపక్ష ఎంపీలకు కూడా ఇక్కడే చెబుతున్నాను: వాకౌట్ కన్నా ఆ హక్కు మాకు ఎక్కువ పనికొస్తుంది.

ఇంధన భద్రత గురించి మీరు సభలో చెప్పుకోదగ్గ విషయాలు ఉన్నాయి. 2024 మే 30న దేశం 2.5 లక్షల మెగావాట్ల గరిష్ఠ డిమాండును తట్టుకుంది. అది చిన్న సంగతి కాదు. కానీ ఆ భద్రతకు అయ్యే ఖర్చు కూడా ఢిల్లీ నిర్ణయాల నుంచే వస్తుంది. 2022 ఎండాకాలంలో బొగ్గు కొరత వచ్చినప్పుడు పది శాతం దిగుమతి బొగ్గు కలపమన్నది కేంద్రమే. 2023 అక్టోబరులో ఆరు శాతం అన్నదీ కేంద్రమే. దిగుమతి బొగ్గు ఖరీదు, ఆ తేడా సర్దుబాటు వరుసలోకి చేరుతుంది. కమిషన్‌ను అడిగితే కేంద్ర నియమం అంటుంది, కేంద్రాన్ని అడిగితే కమిషన్ వైపు చూపిస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి బొగ్గుపై జీఎస్టీ 5 నుంచి 18 శాతానికి పెరిగింది, టన్నుకు 400 రూపాయల సెస్సు పోయింది. ఈ రెండూ కలిపి చూస్తే ఉత్పత్తి ఖర్చు తగ్గిన చోట, ఆ తగ్గుదల కూడా దానంతటదే బిల్లులోకి రావాలి కదా. రాష్ట్రాలవారీగా ఎంత వచ్చిందో సభ ముందు పెట్టండి.

మా బంధువుల ఊళ్ళు పావగడ తాలూకాలో ఉన్నాయి. అక్కడ 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సౌర పార్కు వెలిసింది. వానల్లేని నేలను రైతులు అమ్ముకోకుండా ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల కౌలుకు ఇచ్చారు. కౌలు రెండేళ్ళకోసారి 5 శాతం పెరుగుతుంది. ఎంత పెరుగుతుందో, ఎప్పుడు పెరుగుతుందో రైతుకు ముందే తెలుసు. మాకు కావలసిందీ అలాంటి స్పష్టతే. సౌర గంటల్లో, అంటే ఎండ కాసే పగటి వేళల్లో, రేటు మామూలు కన్నా కనీసం 20 శాతం తక్కువ ఉండాలని 2023 జూన్‌లో మీ శాఖే నియమం చేసింది. అది ఏ రాష్ట్రంలో, ఏ తరగతి వినియోగదారులకు అందుతోందో కూడా చెప్పండి.

2025 అక్టోబరులో విడుదల చేసిన సవరణ బిల్లు ముసాయిదాలో పరిశ్రమలపై క్రాస్ సబ్సిడీ భారాన్ని, అంటే ఇతరులకు తక్కువ రేటు ఇవ్వడానికి మా దగ్గర ఎక్కువ వసూలు చేసే పద్ధతిని, ఐదేళ్ళలో తీసేయాలన్న ప్రతిపాదన ఉంది. స్వార్థంతో చూస్తే నాకది లాభం. అయినా మా ఊళ్ళలో బోరు కింద వేరుశనగ పండించే రైతు మోటారుకు ఆ డబ్బు ఎవరు కడతారో తేలకుండా, నా బిల్లు తగ్గిందని సంతోషించలేను. రాష్ట్రం కట్టాలంటే రాష్ట్రం దగ్గర ఉండాలి కదా. ఈ లెక్క తేలాల్సింది సభలోనే.

మీ శాఖ పద్దును గిలెటిన్‌కు, అంటే చర్చ లేకుండా ఒకేసారి ఆమోదించే పద్ధతికి, వదలకుండా వచ్చే బడ్జెట్ సమావేశాల్లో చర్చకు తీసుకోండి. అంతకన్నా ముందే లోక్‌సభ 193వ నియమం కింద విద్యుత్ ధరలపై చర్చకు ఒప్పుకోండి. నెలవారీ సర్దుబాటుకు ఏడాదికి ఒక గరిష్ఠ పరిమితి పెట్టి, అది దాటితే 64వ సెక్షన్ ప్రకారం జనం మాట విన్నాకే వసూలు చేయాలని 2022 నియమాన్ని సవరించండి.

ఇట్లు,
పీణ్యలో మెషిన్ షాపు నడుపుకునే ఒక విద్యుత్ వినియోగదారుడు,
బెంగళూరు.