జ్వరమొచ్చిన పిల్లలకు ఫుల్ అటెండెన్స్ ఎందుకు?

ఎడిటర్ గారికి,

మా పాప మూడో తరగతి. పోయిన నెల గొంతు నొప్పి, జ్వరం వస్తే డాక్టర్ దూదిపుల్లతో గొంతులోంచి నమూనా తీసి పరీక్ష చేసి, స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా అని చెప్పారు, యాంటీబయాటిక్ మొదలుపెట్టాక ఒక రోజు గడిచేదాకా బడికి పంపొద్దన్నారు. బడికి ఫోన్ చేస్తే, సెలవు పెడితే ఫుల్ అటెండెన్స్ సర్టిఫికెట్ రాదండీ అన్నారు. నేను పంపలేదు, పాప ఏడ్చింది. కానీ ఆ సర్టిఫికెట్ కోసం జ్వరం బిళ్ల వేసి పంపించే తల్లిదండ్రులు ఉన్నారు, వాళ్లను తప్పుపట్టలేను కూడా, ఆ ఆశ పెట్టింది బడే కదా.

ఈ బ్యాక్టీరియా 5 నుంచి 15 ఏళ్ల పిల్లల్లోనే ఎక్కువ. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు పడే తుంపరలతో, ఒకరి సీసాలో నీళ్లు ఇంకొకరు తాగడంతో అంటుకుంటుంది. అంటుకున్నాక 2 నుంచి 5 రోజులకు గానీ జ్వరం రాదు, అందుకే మీ పిల్లకి ఎవరి నుంచి వచ్చిందో మీకు ఎప్పటికీ తెలియదు. సరైన మందు పడితే మాత్రం 12 నుంచి 24 గంటల్లో ఇతరులకు అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. అంటే బడి వదులుకోవాల్సింది మహా అయితే ఒకటి రెండు రోజులే, దానికి ఇంత టెన్షన్ ఎందుకు?

ఇంకో సంగతి. గొంతు నొప్పి చాలావరకు వైరస్ వల్లే వస్తుంది, ముక్కు కారుతూ దగ్గు కూడా ఉంటే మరీను, దానికి యాంటీబయాటిక్ పనిచేయదు. అందుకే ఇంట్లో మిగిలిన మందు వేసేయకుండా పరీక్ష చేయించండి. స్ట్రెప్టోకాకస్ అని తేలి డాక్టర్ 10 రోజులు వాడమంటే 10 రోజులూ వాడాలి. మూడో రోజుకే పిల్ల గెంతులేస్తుంది, సీసా పక్కన పెట్టేస్తాం. సరిగా వైద్యం అందకపోతే కొందరు పిల్లల్లో కొన్ని వారాల తర్వాత రుమాటిక్ జ్వరం వచ్చి గుండె కవాటాలు జీవితాంతం దెబ్బతింటాయి. నాకు నిద్ర పట్టనివ్వనిది ఇదే.

చర్మం మీద చీము పొక్కులు తెచ్చే స్టెఫైలోకాకస్ అనే ఇంకో బ్యాక్టీరియా సంగతీ అంతే, దాదాపు ప్రతి 10 మందిలో ముగ్గురి ముక్కులో ఏ బాధా లేకుండా ఉంటుంది, గీరుకున్న చోట దూరుతుంది. పుండు మీద కట్టు, ఎవరి తువ్వాలు వాళ్లకు, 20 సెకన్లు సబ్బుతో చేతులు కడగడం చాలావరకు ఆపగలవు. కానీ మా బడిలో కుళాయిలున్నాయి, సబ్బు లేదు.

బడి యాజమాన్యాలను అడిగేది రెండే. డాక్టర్ చీటీ ఉన్న సెలవుకు అటెండెన్స్‌లో కోత వేయకండి, కుళాయిల దగ్గర రోజూ సబ్బు ఉంచండి.

— ఒక తల్లి