స్టేషన్ కూల్చారు, మా బ్యాగుల షాపు ఉంది

"షాపు ఎత్తేశారా?" అని ఫోన్లు ఎక్కువయ్యాయి, అందుకే అందరికీ ఒకేసారి చెబుతున్నాను. ఎత్తేయలేదు. సికింద్రాబాద్ స్టేషన్ పాత భవనాన్ని 2025 మొదట్లో కూల్చారు. ఎదురు సందులో మా బ్యాగుల రిపేరు షాపు మాత్రం ఎప్పటిలాగే తెరిచి ఉంది. దుమ్ము తప్పించుకోవాలంటే రేతిఫైల్ బస్టాండు వైపు నుంచి రండి.

గిరాకీ సంగతి దాచను, బాగా తగ్గింది. బండికి గంట ముందు జిప్పు ఊడిందనో, చక్రం విరిగిందనో టెన్షన్‌తో పరుగెత్తుకొచ్చే వాళ్లే మాకు సగం బతుకు. పనుల కోసం ప్లాట్‌ఫాంలు మూసి చాలా రైళ్లను చర్లపల్లికి, కాచిగూడకు మార్చారు. ఆ అర్జెంటు పనులూ వాటి వెంటే పోయాయి.

"నూటయాభై ఏళ్ల కట్టడాన్ని పడగొట్టారు" అని వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. అది నిజం కాదు. స్టేషన్ 1874 నాటిదే, నిజాం సొమ్ముతో కర్ణాటకలోని వాడి జంక్షన్ నుంచి వేసిన లైను ఇక్కడికి చేరిన ఏడాది అది. కానీ మనందరం ఫొటోలు దిగిన ఆ కమాన్ల భవనం 1950లలో, నిజాం రైల్వే కేంద్ర ప్రభుత్వం చేతికి వచ్చాక కట్టింది. పండగ రోజుల్లో ఆ హాల్లో సామాన్లతో నిలబడ్డ వాళ్లెవరూ అది సరిపోతుందని అనరు. కొత్తది కావాల్సిందే, అందుకే సుమారు 700 కోట్లతో కడుతున్నారు.

అయినా ముఖద్వారం వరకైనా ఉంచాల్సిందని నా అభిప్రాయం. కాచిగూడ స్టేషన్ చూడండి. 1916లో, మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో కట్టింది. ఆ గుమ్మటాలు, మినార్లు అలాగే ఉన్నాయి, కింద నుంచి రోజూ జనం రైలెక్కుతూనే ఉన్నారు. పాతదాన్ని బాగుచేసి వాడుకోవచ్చని రిపేరు షాపువాడు అనక ఇంకెవరంటారు అంటారా, అనండి.

ఇక రేట్లు. కుట్టు పనికి, జిప్పు రన్నర్ మార్చడానికి పాత రేటే. చక్రాల రేటు మాత్రం పెంచాం, హోల్‌సేల్‌లోనే పెరిగింది. చర్లపల్లిలో రైలెక్కే వాళ్లు ఒకరోజు ముందే బ్యాగు ఇవ్వండి. ఇక్కడ చేయించుకుని అక్కడికి వెళ్లేసరికి ట్రాఫిక్‌లో బండి పోతుంది, ఆ పాపం మాకొద్దు.

రిపేరుకిచ్చి మరిచిపోయిన సూట్‌కేసులు అటక నిండా ఉన్నాయి. చీటీ పోయినా పర్వాలేదు, రంగు చెబితే చాలు. దసరా లోపు తీసుకెళ్లండి.