సర్వర్ విదేశంలో ఉందట, ఫోన్లు మాత్రం నాకే వస్తున్నాయి: హోం మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర హోం మంత్రి గారికి,

తిరుపతి నుంచి ఒక బ్లౌజుల టైలర్ నమస్కరించి రాసుకుంటున్నది. నా ఫోన్ నంబరుని ఎవరో ఎస్కార్ట్ సైట్‌లో, అంటే డబ్బుకి ఆడవాళ్లని కుదిర్చే సైట్‌లో, పెట్టారు. దాని మీద ఇది నా ఆరో అర్జీ. మొదటి ఐదూ పద్ధతి ప్రకారమే ఇచ్చాను, రసీదులు ఉన్నాయి. ఒకదానికి ‘మీ అర్జీ పరిష్కరించబడినది’ అని మెసేజ్ కూడా వచ్చింది. ఏం పరిష్కరించారో నాక్కూడా చెబితే సంతోషించేదాన్ని. ఆ మెసేజ్ వచ్చిన పది నిమిషాలకే ఇంకో ఫోన్ వచ్చింది, ‘ఫ్రీగా ఉన్నావా’ అని. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

నా నంబరు పద్నాలుగేళ్లుగా ఒకటే. కొర్లగుంట వైపు ఉంటాం. ఇంటి ముందు గదిలోనే రెండు మెషిన్లు, మగ్గం. నంబరు బోర్డు మీద ఉంది, బ్లౌజులు పెట్టిచ్చే కవర్ల మీద ఉంది. చంద్రగిరి నుంచి, పుత్తూరు నుంచి, కాళహస్తి నుంచి పెళ్లికూతుళ్లు ఆ నంబరు చూసే వస్తారు.

మాఘమాసంలో, పెళ్లి ఆర్డర్లు నెత్తిమీద ఉన్న రోజుల్లో, రాత్రి ఎనిమిదింటికి ఒకతను ఫోన్ చేసి ‘రేటెంత మేడమ్’ అన్నాడు. ‘ప్లెయిన్ అయితే 600, మగ్గం వర్క్ 3,000 నుంచి’ అన్నాను. ‘టైమ్ ఎంత?’ అన్నాడు. ‘పది రోజులు పడుతుంది, అర్జెంట్ అయితే ఎక్స్‌ట్రా’ అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత నవ్వి అతను అడిగిన మాట ఇక్కడ రాయలేను. మా చెల్లెలికి చెబితే ముందు పడీ పడీ నవ్వింది. తర్వాత ఇద్దరం ఏడ్చాం.

సంగతి మూడో రోజుకి తెలిసింది. చెప్పింది కూడా ఫోన్ చేసినవాళ్లలో ఒకడే. నేను తిడుతుంటే ‘మీ నంబరు సైట్‌లో ఉంది కదక్కా, రివ్యూలు కూడా బాగున్నాయి’ అన్నాడు. ఆడవాళ్లకి రివ్యూలు! హోటల్లో ఇడ్లీకి ఇచ్చినట్టు ఐదింటికి ఎన్ని చుక్కలో ఇచ్చి, కింద నాలుగు లైన్లు రాసే ఎస్కార్ట్ సైట్లు ఉన్నాయని నాకు అప్పటిదాకా తెలియదు. నా నంబరు కింద మూడు రివ్యూలున్నాయి. మూడు వేర్వేరు పేర్లతో ఉన్నాయి గానీ, ఒకే మాటలో ఒకే తప్పు మూడింటిలోనూ ఉంది. ఇరవై ఏళ్లుగా కుట్లు చూస్తున్న కళ్లు ఇవి. ఒక చేతి పని పట్టుకోగలను.

మూడో రివ్యూలో నా ఎడమ మణికట్టు మీద ఇస్త్రీపెట్టె కాలిన మచ్చ గురించి రాశాడు.

అమ్మా, ఆ మచ్చ నేను టేప్ పట్టుకున్నప్పుడు దగ్గర నిలబడి చూసినవాళ్లకే తెలుస్తుంది. అంటే ఆ మనిషి మా ముందు గదిలోకి వచ్చాడు. చీర ఇవ్వడానికి వచ్చిన భార్య వెనకాల నిలబడ్డాడో, అక్క బ్లౌజు తీసుకోవడానికి వచ్చాడో, ఫాల్స్ దారాలు వేసిపోయే మనిషో. ఆ రోజు నుంచి గదిలోకి ఏ మగవాడు వచ్చినా చేతులు వెనక్కి పెట్టుకుంటున్నాను. నలుగురి బ్లౌజులకి డిజైన్లు చెప్పే నేను మే నెల ఎండల్లో మణికట్టు దాకా పొడుగు చేతులు కుట్టుకుని తొడుక్కున్నాను. ఈ మచ్చ సంగతి నా ఐదు అర్జీల్లోనూ మొదటి పేరాలోనే రాశాను. దాని గురించి ఇంతవరకు ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు.

అడిగిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. ‘అసలు ఆ సైట్ మీరెందుకు చూశారు?’ అని ఒకరు. ‘ఊళ్లో ఇంతమంది ఉండగా మీ నంబరే ఎందుకు పెడతారమ్మా?’ అని ఒకరు. ఒక హెల్ప్‌లైన్‌లో ‘డబ్బు ఎంత పోయింది?’ అని అడిగారు. డబ్బు పోలేదంటే, అయితే ఇది మా విభాగం కాదన్నారు. ఒక స్టేషన్‌లో మా పరిధి కాదు, సైబర్ వాళ్ల దగ్గరికి వెళ్లమన్నారు. సైబర్ వాళ్లు ముందు మీ స్టేషన్ నుంచి రావాలన్నారు. కాస్త పెద్దాయన ఒకరు జాలిపడి, ‘కేసు పెడితే మీ పేరు కూడా రికార్డులోకి ఎక్కుతుంది, అమ్మాయి ఉంది కదా, ఆలోచించుకోండి’ అన్నారు. మంచికే చెప్పారనుకుంటాను. కానీ నా పేరు ఎక్కడెక్కకూడదో అక్కడ ఎక్కిపోయిందని చెప్పడానికే కదా నేను వెళ్లింది?

నా దగ్గర కొలతల నోట్‌బుక్ ఉంటుంది. ముందు నుంచి కొలతలు, వెనక నుంచి ఈ ఫోన్ల లెక్క. తేదీ, టైము, నంబరు. నిన్నటికి 412 నంబర్లు. వెనకవైపు పేజీలు ముందువైపు పేజీలను దాటిపోయాయి. ఇద్దరు ఏకంగా గుమ్మం దాకా వచ్చారు. రెండోవాడు వచ్చినప్పుడు తలుపు తీసింది ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి. ఇల్లు గలాయన ఇంకా మర్యాదగానే ఉన్నారు. సంక్రాంతి లోపల వేరే చోటు చూసుకోమన్నారు, అంతే.

నంబరు మార్చుకోమని అందరూ చెప్పే సలహా. మీ సిబ్బందీ అదే చెప్పారు. బ్యాంకు, ఆధార్, గ్యాస్, అమ్మాయి కాలేజీ, అన్నీ ఆ నంబరు మీదే ఉన్నాయి. పద్నాలుగేళ్ల గిరాకీ ఆ నంబరు మీదే ఉంది. పోనీ మారుస్తాను. కవర్ల మీద కొత్త నంబరు వేయించాల్సిందే కదా? ఆ మచ్చ చూసినవాడు కవరు చూడలేడా?

మా కస్టమర్ ఒకమ్మాయి చిత్తూరు కోర్టులో జూనియర్ లాయర్. పెళ్లి బ్లౌజుల ట్రయల్‌కి వచ్చినప్పుడు నా మొహం చూసి అడిగింది, చెప్పాను. అప్పటి నుంచి నాకు సెక్షన్లు నేర్పింది. మీకు తెలియనివి కావు గానీ, తెలిసినట్టు నాకు ఎక్కడా కనిపించలేదు కాబట్టి రాస్తున్నాను. 1956 నాటి వ్యభిచార నిరోధక చట్టంలో ఈ వృత్తిలో ఉన్న ఆడమనిషి సంపాదన మీద బతికేవాడికి 4వ సెక్షన్, మనుషుల్ని కుదిర్చేవాడికి 5వ సెక్షన్ ఉన్నాయి. 5వ సెక్షన్ కింద మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు. ప్రకటనకింత, బుకింగ్‌కింత అని తీసుకునే సైటువాడు ఈ రెండింటికీ దొరుకుతాడు. అశ్లీలం రాసినవాడికి ఇంటర్నెట్ నేరాలు చూసే ఐటీ చట్టం 67వ సెక్షన్ కింద మొదటిసారికే మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. నా పేరు చెప్పి మోసం చేసినవాడికి అదే చట్టంలో 66డి. ఆడదాన్ని అవమానించే మాటలకి, ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 79. ‘మేం రాయలేదు, ఎవరో రాస్తే మా సైట్‌లో కనబడింది’ అని తప్పించుకోవడానికి ఐటీ చట్టం 79 ఉందట గానీ, తెలిసి కూడా తీయకపోతే ఆ గొడుగు ఉండదట. వేరేవాళ్ల పేరు పెట్టుకుని పెట్టిన వాటిని ఫిర్యాదు వచ్చిన 24 గంటల్లో తీసేయాలని 2021లో ఐటీ నిబంధనలు పెట్టినప్పుడే రాశారు. ఫిర్యాదు ఎవరికి పెట్టాలో ఆ సైట్‌లో ఎంత వెతికినా కనబడలేదు. ‘మీ ప్రకటన ఇవ్వండి’ అనే బటన్ మాత్రం పైనే ఉంది.

సైట్‌లు చూసి వెళ్లేవాళ్లకీ భయం ఉండాల్సిందే. గుడికో బడికో 200 మీటర్ల లోపలైతే ఆ 1956 చట్టం 7వ సెక్షన్ కింద మగవాడికి కూడా మూడు నెలల దాకా జైలు ఉంది. తిరుపతిలో గుడికి 200 మీటర్ల దూరం ఉన్న సందు ఎన్ని ఉంటాయో మీరే చెప్పండి. అక్రమ రవాణా అయిన మనిషి అని తెలిసి వెళితే న్యాయ సంహిత 144 కింద మూడేళ్లకు తగ్గదు. అమెరికాలో సియాటెల్ దగ్గర 2016 జనవరిలో ఇలాంటి రివ్యూల సైటు మూయించి, నడిపినవాళ్లతో పాటు రివ్యూలు రాసినవాళ్ల మీద కూడా కేసులు పెట్టారని ఆ లాయరమ్మాయే చెప్పింది. ఇన్ని సెక్షన్లూ వాళ్లని భయపెట్టాలి. తొమ్మిది నెలలుగా భయపడుతున్నది మాత్రం నేనొక్కదాన్నే.

ఇంకొక మాట చెప్పాలి. ఆ పని చేసుకునే ఆడవాళ్ల మీద నాకు ఏ కోపమూ లేదు. వాళ్లని గౌరవంగా చూడాలని సుప్రీంకోర్టు 2022 మే నెలలో పోలీసులకే చెప్పింది. నాతో మాట్లాడిన తీరు చూశాక, వాళ్లు నోరు తెరిస్తే ఏమంటారో ఊహించగలను. పోలీసు రెయిడ్లని చెప్పి లాడ్జీల మీద పడి వాళ్లని ఫొటోలు తీయించమని నేను అడగడం లేదు. దయచేసి నా అర్జీని అలా వాడుకోకండి.

‘సర్వర్ విదేశంలో ఉంది, మేమేం చేస్తాం’ అన్నారు. ఈ మాట నాకు కంఠస్థం. అయితే ఇది వినండి. నాకు ఫోన్ చేసేవాళ్లలో సగం మంది ‘2,000 అడ్వాన్స్ కట్టాను కదా, అడ్రస్ చెప్పవేం’ అని నా మీదే అరుస్తారు. క్యూఆర్ కోడ్ పంపి డబ్బు లాగేసి, చివర్లో నా నంబరు ఇచ్చి పోతున్నాడు ఒకడు. దర్శనానికి వచ్చి ఈ పనికి పాల్పడిన ఒక పెద్దమనిషిని బతిమాలి, తిట్టి, ఆ డబ్బు కట్టిన స్క్రీన్‌షాట్ తెప్పించాను. యూపీఐ ఐడీ ఉంది, లావాదేవీ నంబరు ఉంది, తేదీ ఉంది. సర్వర్ ఏ దేశంలోనైనా ఉండనివ్వండి, డబ్బు పడిన ఖాతా మన దేశపు బ్యాంకులోదే కదా? ఆ ఖాతాకి ఆధార్ ఉండదా, ఫొటో ఉండదా? టైలర్ పని చేసుకునే నాకు తట్టింది. నాలుగో అర్జీకి ఆ కాగితం పిన్ను కొట్టి ఇచ్చాను. ఐదో అర్జీ ఇచ్చేటప్పుడు చూస్తే పాత ఫైల్లో ఆ కాగితం లేదు. పిన్ను ఉంది.

ఆ డబ్బు కట్టినవాళ్లు స్టేషన్‌కి వెళ్లరు. వెళితే ఏమని చెబుతారు? కొందరిని ‘పోలీసులం మాట్లాడుతున్నాం, మీ మీద కేసైంది’ అని బెదిరించి మళ్లీ మళ్లీ గుంజుతున్నారని వాళ్లే నాకు చెప్పుకున్నారు. నేనేమైనా వాళ్ల కష్టసుఖాలు వినేదాన్నా? అయినా విన్నాను. ఏడ్చినవాడు కూడా ఉన్నాడు. ఆ మోసగాడికి మీ శాఖ పేరే పెట్టుబడి అయిపోయింది. కనీసం ఆ కోపమైనా మీకు రావాలి. ఆ 1956 చట్టంలో 5వ సెక్షన్‌కి జైలుతో పాటు పెట్టిన జరిమానా ఎక్కువలో ఎక్కువ ఎంతో తెలుసా? 2,000 రూపాయలు. ఒక్క అడ్వాన్స్.

ఐటీ చట్టం కేసుల్ని ఇన్‌స్పెక్టర్‌కు తగ్గని అధికారే దర్యాప్తు చేయాలట. మా ఊళ్లో ఇన్‌స్పెక్టర్ గారు ఎప్పుడూ బందోబస్తులోనే ఉంటారు. వీఐపీలు వచ్చారు, బందోబస్తు. బ్రహ్మోత్సవాలు, బందోబస్తు. స్వామివారి పనిలో ఉన్న మనిషిని తప్పుపట్టే ధైర్యం ఈ ఊళ్లో ఎవరికి ఉంటుంది? వెనక్కి వచ్చాను.

మేలో గంగమ్మ జాతరకి వెళ్లాను. మీకు కథ తెలిసే ఉంటుంది. ఊళ్లో ఆడవాళ్లని చెరిచిన పాలెగాడు భయపడి దాక్కుంటే, తల్లి రోజుకొక వేషం వేసుకుని వెతికింది. దొర వేషంలో వచ్చిన రోజు వాడు మోసపోయి బయటికి వచ్చాడు. తల తెగింది. వారం రోజుల పని. సర్వర్ ఎక్కడుందని ఆమె అడగలేదు. తాతయ్యగుంట గుడి ముందు వేపాకులు పట్టుకుని నిలబడి ఉండగానే నా ఫోన్ రెండుసార్లు మోగింది.

2016లో కేంద్రం 240 ఎస్కార్ట్ సైట్లను ఒకేసారి మూయించమని ఆదేశాలిచ్చింది. పేరులో ఒక అక్షరం మార్చుకుని మళ్లీ వచ్చేవాడికి అదేం అడ్డు? కాబట్టి సైట్ మూసేశాం అనే మెసేజ్ నాకు వద్దు. నా ఫిర్యాదుకి ఎఫ్‌ఐఆర్ నంబరు కావాలి. పరిధితో పని లేకుండా ఏ స్టేషన్‌లోనైనా తీసుకోవాలని 2024 జులై నుంచి వచ్చిన కొత్త చట్టమే చెబుతోంది. ఆ ఖాతా ఎవరిదో చూడాలి. ఆ మచ్చ గురించి రాసిందెవరో చూడాలి. ఎఫ్‌ఐఆర్ కావాలి. ఇదివరకే అడిగానని తెలుసు, మళ్లీ అడుగుతున్నాను.

నా నంబరు ఇక్కడ వేయడం లేదు, ఎందుకో మీకు అర్థమవుతుంది. మీ దగ్గరున్న ఐదు అర్జీల మీదా ఉంది. ఎవరైనా ఫోన్ చేసేట్టయితే ముందుగా ఏ కార్యాలయం నుంచో చెప్పమనండి, లేకపోతే కట్ చేసేస్తాను. సాయంత్రం ఆరు లోపల చేయమనండి. ఆ తర్వాత మా అమ్మాయి ఫోన్ ఆఫ్ చేసి బీరువాలో పెట్టి తాళం వేస్తుంది.

ఇట్లు,
మగ్గం వర్క్ చేసుకునే ఒక టైలర్,
తిరుపతి