నీళ్లు నిలిచేది సైకిల్ వెళ్లే చోటే

సంపాదకులు గారికి,

నమస్కారం. కిందటి ఆదివారం మీ బెంగళూరు పేజీలో ఒక పాఠకుడి ఉత్తరం చదివాను. ఈ ఊళ్లో ఏడాదిలో సగం రోజులు వానేనని, సైకిల్ దారులు వృథా అని, ఆ జాగా పార్కింగుకు ఇచ్చేస్తే నలుగురికీ పనికొస్తుందని ఆయన రాశారు. నాలుగేళ్లుగా ఎండనక వాననక సైకిల్ మీదే ఆఫీసుకు వెళ్తున్నాను కాబట్టి ఆయనకు జవాబు చెప్పాలనిపించింది.

మాది మదనపల్లె. పెళ్లయ్యాక రామమూర్తినగర్‌లో స్థిరపడ్డాం. ఇందిరానగర్‌లో ఒక చిన్న కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. 2021 చివర్లో కారు అమ్మేశాం. అప్పటి నుంచి కస్తూరినగర్, బైయప్పనహళ్లి మీదుగా పాత మద్రాసు రోడ్డెక్కి, పోను సుమారు ఎనిమిది కిలోమీటర్లు, రాను ఎనిమిది. ముప్పై అయిదు నిమిషాలు పడుతుంది, వాన రోజు నలభై. ప్రపంచ నగరాల ట్రాఫిక్‌ను లెక్కగట్టే టామ్‌టామ్ సంస్థ ప్రకారం 2024లో ఈ నగరంలో కారులో 10 కిలోమీటర్ల ప్రయాణానికి సగటున 34 నిమిషాలు పట్టింది. సాయంత్రం ఆరు గంటలకు, అందులోనూ చినుకులు పడుతుంటే, కారులో ఆ సగటు కూడా అందదని రోజూ వెళ్లేవాళ్లకు తెలుసు.

ముందు వాతావరణం సంగతి. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది. ఇక్కడ ఇప్పటిదాకా నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 39.2 డిగ్రీలు, అదీ 2016 ఏప్రిల్‌లో. మే నెలలో విజయవాడలో ఉండే మా చెల్లెలికి ఈ అంకె చెబితే నవ్వుతుంది. వాన పడే రోజులు ఏడాదికి దాదాపు అరవై. వానలు ఎక్కువగా సాయంత్రమో రాత్రో పడతాయి కాబట్టి ఉదయం నేను బయల్దేరే వేళకు చాలాసార్లు ఆకాశం తేటగానే ఉంటుంది. పిడుగులు పడే సాయంత్రం మాత్రం సైకిల్ ఆఫీసులో వదిలేసి మెట్రో ఎక్కుతాను. వానకు ఆగను, పిడుగుకు ఆగుతాను.

వానలో తొక్కడం నేర్చుకోవాల్సిన పనే, కానీ పెద్ద విద్యేమీ కాదు. రెండు చక్రాలకూ మడ్‌గార్డులు, ప్యాంటుతో కలిపి వచ్చే రెయిన్‌కోటు, బ్యాగుకో ప్లాస్టిక్ కవరు, వెనక ఎర్ర లైటు ఉండాలి. ఆఫీసు సొరుగులో ఒక జత పొడి బట్టలు పెట్టుకుంటాను. రిమ్ము తడిస్తే బ్రేకు ఆలస్యంగా పడుతుంది కాబట్టి సిగ్నల్‌కు చాలా ముందే పట్టాలి. జీబ్రా గీతల మీద, మ్యాన్‌హోల్ ఇనప మూతల మీద మలుపు తిప్పకూడదు. వేసవి మొదట్లో కానుగ పూలు రాలి రోడ్డంతా పరుచుకుంటాయి, వాటి మీద నాలుగు చినుకులు పడితే చక్రం జారుతుంది. ఇవన్నీ మొదటి ఏడాదిలోనే చేతికీ కాలికీ అలవాటైపోయాయి.

నాకు నాలుగేళ్లయినా అలవాటు కానిది రోడ్డు అంచు. నీళ్లు మధ్యలో నిలవకుండా రోడ్డును నడుమ కాస్త ఎత్తుగా, రెండు పక్కలకూ వాలుగా వేస్తారు. ఆ నీళ్లు పక్కనున్న జాలీల్లోంచి కాలువలోకి దిగిపోవాలి. మన దగ్గర ఆ జాలీలు ఆకులతో, చిప్స్ కవర్లతో, ఎవరో పోసిన ఇసుకతో మూసుకుపోయి ఉంటాయి. దాంతో నీళ్లన్నీ ఎడమ అంచున నిలుస్తాయి. సైకిల్ తొక్కేవాళ్లు ఎక్కడ ఉండాలని అందరూ అంటారో సరిగ్గా అక్కడే! ఆ నీళ్ల కింద గుంత ఉందో, మూత లేని మ్యాన్‌హోల్ ఉందో కనబడదు. కొన్నిచోట్ల జాలీ కమ్మీలు రోడ్డు పొడవునే ఉంటాయి, సన్నని టైరు వాటి మధ్య సూటిగా దిగబడుతుంది. అందుకని మేం రోడ్డు మధ్యకు జరుగుతాం. వెనకనుంచి బస్సు హారన్ కొడుతుంది, కారులోంచి తిట్లు వినబడతాయి. వాన రోజు నా టెన్షన్ అంతా ఆ రెండడుగుల జాగా గురించే.

ఒక అక్టోబరు సాయంత్రం అలాంటి నీళ్లలోనే పడ్డాను. పైపుల కోసం తవ్వి, మట్టి పోసి వదిలేసిన గుంత అది, వానకు మట్టి కుంగిపోయింది. మోకాలికి ఆరు కుట్లు పడ్డాయి. వెనక వస్తున్న ఆటో అన్న సమయానికి బ్రేకు వేశాడు కాబట్టి ఈ ఉత్తరం రాయగలుగుతున్నాను. మర్నాడు మా ఆయన వెళ్లి అక్కడ ఒక కొమ్మ పాతి, దానికి ఎర్ర గుడ్డ కట్టి వచ్చారు. ఆ కొమ్మ నెల రోజులు అలాగే ఉంది.

పాఠకుడు గారు ఒక విషయం మరిచారు. వానాకాలంలో సైకిల్ ఎవరు తొక్కుతారని అడిగారే, ఆయన ఇంటి గుమ్మంలో ఈ పత్రిక వేసే కుర్రవాణ్ణి ఒక్కసారి చూడమనండి. తెల్లవారుజామున ఐదింటికి, పేపర్లు తడవకుండా తన రెయిన్‌కోటే వాటి మీద కప్పుకొని వస్తాడు. ఫ్లాస్కు కట్టుకుని టీ అమ్మేవాళ్లు, రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోయే వాచ్‌మన్లు, కదిరి నుంచీ పాలమూరు నుంచీ వచ్చి ఇక్కడ కట్టడం పనులు చేసుకునే మన మేస్త్రీలు, కూలీలు ఏడాది పొడవునా సైకిల్ మీదే తిరుగుతున్నారు. నాకైతే మెట్రో టికెట్టుకు డబ్బులున్నాయి. రోజూ ఆ ఖర్చు పెట్టుకోలేని వాళ్లకు సైకిల్ దారి తీసేసి అక్కడ కార్లు నిలపడం ఏ లెక్కన న్యాయం?

2020లో అవుటర్ రింగ్ రోడ్డు మీద సిల్క్‌బోర్డు నుంచి లౌరీ కూడలి వైపు 17 కిలోమీటర్ల సైకిల్ దారి వేశారు. తర్వాత మెట్రో పనులు వచ్చాయి, వాహనాలు రాకుండా అడ్డుగా పాతిన స్తంభాలు పోయాయి, దారి కూడా పోయింది. జయనగర్‌లో వేసిన దారుల్లో కార్లు నిలబడ్డాయి. వేయడం ఒక ఏడాది పని, కాపాడటం రోజువారీ పని. ఆ రోజువారీ పనికి మన దగ్గర ఎవరూ బాధ్యులు కారు. ఫిన్‌లాండ్‌లో ఊలు అనే నగరం ఉంది. అక్కడ చలికాలంలో ఒక్కోసారి మైనస్ 20 డిగ్రీలు ఉంటుంది, అయినా జనం సైకిల్ తొక్కుతారు, ఎందుకంటే పొద్దున్నే వాళ్ల దారుల మీద మంచు తీసేస్తారు. 2013లో చలికాలపు సైకిల్ ప్రయాణం మీద మొదటి అంతర్జాతీయ సమావేశం జరిగింది ఆ ఊళ్లోనే. వాళ్లు తీసేది మంచు. మనం తీయాల్సింది జాలీలో ఇరుక్కున్న ఆకులు.

ఇప్పుడు బెంగళూరుకు ఒక్క నగరపాలక సంస్థ (బీబీఎంపీ) బదులు ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. వాటిని నేను కొత్త దారులు అడగడం లేదు. ఉన్న రోడ్ల పక్క జాలీలు వానాకాలానికి ముందు ఒకసారి, వానాకాలంలో వారం వారం శుభ్రం చేయించండి. కమ్మీలు రోడ్డుకు అడ్డంగా ఉండేలా బిగించండి. తవ్వినవాళ్లు రోడ్డు పూడ్చే వరకు వాళ్లకు బిల్లు ఆపండి. వీధి దీపం లేని చోట వాన నీళ్లు నిలిస్తే ఆడవాళ్లకు భయం రెండింతలు, అలాంటి చోట్లకు ముందు దీపాలు పెట్టండి. కంపెనీలవారికీ ఒక మాట. ఒక పెద్ద ఆఫీసుల సముదాయానికి పనిమీద వెళ్తే, సైకిల్‌కు చోటు లేదని నన్ను సరుకులు దిగే గేటు దగ్గరికి పంపారు. వంద కార్లకు చోటున్న దగ్గర నాలుగు సైకిళ్లకు ఒక రేకు పందిరి వేయలేరా?

మీ విలేకరులు ఎవరైనా ఈ సంగతి కళ్లారా చూడదలిస్తే, గట్టి వాన వెలిసిన ఏ సాయంత్రమైనా సరే, ఆరున్నరకు పాత మద్రాసు రోడ్డు మీద స్వామి వివేకానంద రోడ్డు మెట్రో స్టేషన్ కింద కలుస్తాను. అక్కడి నుంచి రామమూర్తినగర్ దాకా నడుద్దాం. ఎన్ని జాలీలు మూసుకుపోయాయో లెక్క రాసుకుందాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రామమూర్తినగర్, బెంగళూరు