డిశ్చార్జి కాగితంలో లేనివి చెప్పడానికి మమ్మల్ని పిలవండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ జిల్లా పేజీలో తరచూ ఒక వార్త వస్తుంటుంది: 'మోకు జారి గీత కార్మికుడికి తీవ్ర గాయాలు'. దాని చివరి లైను కూడా దాదాపు ఒకటే, మెరుగైన చికిత్స కోసం హైదరాబాద్ తరలించారని. కొన్నేళ్ల కింద అలాంటి వార్తలో నేనూ ఉన్నాను. వయసు పదేళ్లు ఎక్కువ వేశారు, దానికేం లెండి. ఆ చివరి లైను తర్వాత ఏం జరుగుతుందో ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నాను.

చెట్టు మీంచి పడితే వెన్నుపూస విరుగుతుంది. పూసను రాడ్లు, స్క్రూలు వేసి నిలబెట్టగలరు. దాని లోపలుండే వెన్నుపాము నలిగితే మళ్లీ మునుపటిలా చేసే ఆపరేషన్ ఇంకా ఎక్కడా లేదు. ఈ సంగతి మా ఇంట్లో ఎవరికీ విడమరిచి చెప్పలేదు. ఆపరేషన్ బాగా జరిగిందన్నారు, అది నిజమే. మేమేమో నెలకో, రెండు నెలలకో లేచి నడుస్తానని ఎదురుచూస్తూ కూర్చున్నాం.

డిశ్చార్జి కాగితంలో మాత్రల పేర్లు, మళ్లీ రావాల్సిన తేదీ, 'ఫిజియోథెరపీ చేయించాలి' అని ఒక్క ముక్క ఉన్నాయి. మూత్రానికి పైపు పెట్టి పంపించారు. దాన్ని మూడు నాలుగు వారాలకోసారి మార్చాలని అది మూసుకుపోయి చలిజ్వరం వచ్చాక గానీ మాకు తెలియలేదు. ఈలోగా తోక ఎముక దగ్గర ఎర్రటి మచ్చ లేచింది. ఊళ్లో ఆర్‌ఎంపీ పొడి చల్లి కట్టు కట్టాడు. నాకు అక్కడ స్పర్శే లేదు కదా, నొప్పి తెలియదు. పైకి చిన్నగా కనిపిస్తూనే లోపల గుంట పడింది. మా అమ్మ స్కూటర్ ట్యూబులో గాలి కొట్టించి తెచ్చి దాని మీద కూర్చోబెట్టింది. మా వైపు చాలా ఇళ్లలో చేసేది ఇదే. కానీ ట్యూబు అంచుల దగ్గర ఒత్తిడి పడి మధ్యలో చర్మానికి రక్తం సరిగా అందదు, పుండు ఇంకా ముదురుతుంది. ఈ మాట నాకు చెప్పింది డాక్టరు కాదు.

పక్క మండలంలో ట్రాక్టర్ బోల్తా పడి నడుం పోయిన ఒకాయన ఉన్నాడు. నేను అన్నా అని పిలుస్తాను. నా సంగతి ఎవరో చెబితే మూడు చక్రాల బండి మీద వచ్చాడు. చూడ్డానికి వచ్చిన వాళ్లందరూ మంచం పక్కన కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకుని వెళ్లేవారు. ఈయన రాగానే "తమ్మీ, ముందుగాల పక్కకు తిరుగు, నడుం కింద చూపెట్టు" అన్నాడు. తర్వాత ఒంటికి ఎట్లా పోతున్నావు, నీళ్లెన్ని తాగుతున్నావు, మడిమలు ఎవరు చూస్తున్నారు అని వరసగా అడిగాడు. నాకు సిగ్గేసింది గానీ జవాబులు చెప్పాను. ఆయనకూ అవే తిప్పలని తెలుసు కాబట్టి చెప్పగలిగాను.

ఆయన నేర్పినవి పెద్ద వైద్యమేం కాదు. మంచంలో ఉంటే రెండు గంటలకోసారి పక్క మార్చాలి. వీల్‌చైర్లో ఉంటే పావుగంటకో అరగంటకో చేతులు ఆనించి పిరుదులు పైకి లేపి కాసేపు ఆపాలి. తాటిచెట్లెక్కిన చేతులు కనక నాకది సులువుగానే వచ్చింది. రాత్రి పడుకునే ముందు చిన్న అద్దం పెట్టి నడుం కింద, తుంటి దగ్గర, మడిమల దగ్గర చూసుకోవాలి. ఎర్రమచ్చ కనిపిస్తే అది పోయేదాకా ఆ భాగం మీద బరువు పడనివ్వకూడదు.

పైపు సంగతి కూడా ఆయనే తేల్చాడు. పెద్దాసుపత్రికి తీసుకెళ్లి, అక్కడి సిస్టర్‌తో మాట్లాడి, నెలాటన్ ట్యూబు వాడటం నేర్పించాడు. చేతులు సబ్బుతో కడుక్కుని, నాలుగైదు గంటలకోసారి ఆ సన్నటి ట్యూబు మనమే లోపలికి పెట్టుకుని మూత్రం పూర్తిగా తీసేసి, ట్యూబు బయటికి లాగేయడమే. ఎప్పుడూ లోపలే ఉండే పైపుతో పోలిస్తే ఇన్‌ఫెక్షన్ల బెడద తక్కువ. మూత్రం లోపల నిలిచి వెనక్కి తన్నితే కిడ్నీలు పాడవుతాయి. మా లాంటి వాళ్లను చంపేది విరిగిన నడుం కాదు, ఈ పుండ్లు, ఈ ఇన్‌ఫెక్షన్లే. ఇది రాయడానికి మొహమాటపడితే ఈ ఉత్తరం రాయడమే దండగ.

ఇంకోటి. ఆ అన్న వచ్చినప్పుడు వదిన కూడా వచ్చింది. మా ఆవిడను వంటింట్లోకి తీసుకెళ్లి చాలాసేపు మాట్లాడింది. ఏం మాట్లాడుకున్నారో నేనడగలేదు. మొగుడూ పెళ్లాల సంగతులు, పిల్లల సంగతి, ఏ డాక్టర్ని అడగగలదు ఆమె? ఆ రోజు నుంచి ఇంట్లో టెన్షన్ కొంత తగ్గింది.

ఇప్పుడు నేనూ అదే పని చేస్తున్నాను. ఊళ్లో చిన్న కిరాణా కొట్టు నడుపుకుంటూ, ఎవరైనా చెట్టు మీంచో, మిద్దె మీంచో పడ్డారని తెలిస్తే వెళ్లి వస్తుంటాను. బైక్ యాక్సిడెంట్లో మెడ దగ్గర దెబ్బ తగిలిన ఒక పిల్లాడికి ఉన్నట్టుండి తలనొప్పి, మొహం నిండా చెమట, బీపీ విపరీతంగా పెరగడం. ఇంట్లోవాళ్లు బీపీ మాత్ర వేయబోతున్నారు. చూస్తే యూరిన్ పైపు మడతపడి ఉంది. లేపి కూర్చోబెట్టి పైపు సరిచేస్తే కాసేపట్లో సర్దుకుంది. మెడ దగ్గరో, ఛాతీ పైభాగంలోనో దెబ్బ తగిలిన వాళ్లకు ఇలా అవుతుంది, పట్టించుకోకపోతే ప్రాణం మీదికొస్తుంది. ఇదీ ఆ పిల్లాడి డిశ్చార్జి కాగితంలో లేదు.

దెబ్బ తిన్నవాళ్లే ముందుండి ఈ పని చేయడం కొత్తేమీ కాదు. మన వాళ్లు ఎందరో వెళ్లే వెల్లూరు సీఎంసీలో డాక్టర్ మేరీ వర్గీస్ ఉండేవారు. 1954లో కారు ప్రమాదంలో నడుం కింద చచ్చుబడిపోయినా, చక్రాల కుర్చీలోంచే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు, తర్వాత అక్కడి పునరావాస విభాగాన్ని నిలబెట్టారు. 1965లో ఎవరెస్ట్ ఎక్కి, అదే ఏడాది యుద్ధంలో తూటా తగిలిన మేజర్ అహ్లూవాలియా ఢిల్లీలో ఇండియన్ స్పైనల్ ఇంజురీస్ సెంటర్ పెట్టారు. నేవీ సెలక్షన్లలో పడి మెడ దెబ్బతిన్న ఎస్. రామకృష్ణన్ 1981లో తమిళనాడులోని ఆయికుడి అనే పల్లెలో అమర్ సేవా సంగం మొదలుపెట్టారు. వాళ్లంత పనులు మేం చేయలేం. ఒక వార్డులోకి వెళ్లి నాలుగు మాటలు మాత్రం చెప్పగలం.

2024లో ప్రభుత్వం గీత కార్మికులు చెట్టు మీంచి జారి పడకుండా 'కాటమయ్య రక్షణ కవచం' కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మంచి పని, మా తమ్ముళ్లు వాడాలి. ఆ కిట్టు వాడకం నేర్పేటప్పుడే ఇంకో అరగంట కలపండి. చెట్టు కింద పడిన మనిషిని కాళ్లూ చేతులూ పట్టి ఎత్తి ఆటోలో ముడిచి పడేస్తే, సగం నలిగిన వెన్నుపాము పూర్తిగా పోవచ్చు. కూర్చోబెట్టకూడదు, తలా మొండెం ఒకే వరసలో ఉంచాలి, 108 వచ్చేదాకా ఆగాలి, తప్పనిసరైతే నలుగురు కలిసి ఒక్కసారిగా పక్కకు దొర్లించి గట్టి బల్ల మీదికి చేర్చాలి. ఇది కల్లు మండువ దగ్గర తడిక మీద పడుకోబెట్టి చూపిస్తే ఎవరికైనా అర్థమవుతుంది.

ఇక పడిపోయిన వాళ్ల సంగతి. 4,016 రూపాయల వికలాంగుల పింఛనులో ట్యూబులు, జెల్లీ, దూది, సరైన కుషను అన్నీ కొనుక్కోలేరు. బీపీ, షుగర్ మాత్రలు ఇస్తున్నట్టే పీహెచ్‌సీలో నెలాటన్ ట్యూబులు కూడా పెట్టండి. మంచాన పడ్డ రోగుల ఇళ్లకు 'ఆలన' బండిలో నర్సులు వెళ్తున్నారు, చాలా మంచి సేవ. నెలకు రెండు రోజులైనా ఆ బండిలో మాలాంటి వాడొకడికి సీటివ్వండి. జిల్లా ఆసుపత్రిలో నడుం దెబ్బతో ఉన్నవాళ్లను ఇంటికి పంపే ముందు మాలో ఒకరితో గంటసేపు మాట్లాడించండి. మాకు సరైన శిక్షణ ఇవ్వండి, ఎందుకంటే మా అనుభవం ఒక్కటే అందరి ఒంటికీ సరిపోదు. ఉచితంగా చేయమంటే కొన్నాళ్లు చేస్తాం, తర్వాత కొట్టు చూసుకోవాలి కదా, అందుకని రోజు కూలీ అయినా కట్టివ్వండి.

దాంతోపాటు ఒక గుర్తింపు కార్డు కావాలి. ఇప్పుడు ఎవరినైనా చూద్దామని వీల్‌చైర్లో వార్డులోకి వెళ్తుంటే సెక్యూరిటీ వాళ్లు ఆపి, నీ బెడ్ నంబరెంత, ఎవర్నడిగి బయట తిరుగుతున్నావ్ అని మందలిస్తున్నారు.

ఇట్లు,
ఒక మాజీ గీత కార్మికుడు,
జనగామ జిల్లా