వంటగదిలో గంటల లెక్క ఎవరు చూస్తారు?

సంపాదకులకు,

మధురవాడలో మా మేడ మీది గదిలో నలుగురు కుర్రాళ్లు అద్దెకుంటున్నారు. ఇద్దరిది శ్రీకాకుళం జిల్లా, ఇద్దరిది ఒడిశా. పలు నగరాల్లో శాఖలున్న ఒక రెస్టారెంటుకు సిరిపురం ప్రాంతంలో ఉన్న వంటగదిలో నలుగురూ పనిచేస్తారు. రెండేళ్లుగా వాళ్ల రాకపోకలు చూస్తున్నవాడిగా ఈ లేఖ రాస్తున్నాను.

వాళ్ల డ్యూటీని ‘బ్రేక్ షిఫ్ట్’ అంటారు. ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు ఒక విడత, సాయంత్రం 6.30 నుంచి రాత్రి 12 వరకు మరో విడత. నడుమ మూడు గంటలూ విశ్రాంతేనని యాజమాన్యం చెబుతుంది గానీ, గదికి వచ్చి తిరిగి వెళ్లడానికే అందులో సగం పైగా బస్సులో గడిచిపోతుంది కనుక, వాళ్లు వంటగది వెనక మెట్ల మీదో, బీచ్ రోడ్డులో ఏ చెట్టు నీడనో కూర్చుంటారు. అర్ధరాత్రి బస్సులుండవు. నలుగురూ చందా వేసుకుని ఆటోలో వస్తారు.

లెక్కల మాస్టారిగా పనిచేసినవాణ్ణి కాబట్టి, ఒక అబ్బాయి వీక్లీ ఆఫ్ రోజున అతనితో కూర్చుని గంటలన్నీ కలిపి చూశాను. రోజుకు 10 చొప్పున ఆరు రోజులకు 60. ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం, 1988 ప్రకారం వారానికి 48 గంటలు దాటిన పనికి రెట్టింపు వేతనం ఇవ్వాలి. జీతం చీటీలో ఓటీ (అదనపు గంటల వేతనం) గడి ఉంది, అందులో సున్నా ఉంది. హాజరు వేలిముద్రతో పడుతుంది గనుక గంటలు తెలియవనడానికి వీల్లేదు. ఏ శాఖలోనైనా బిరియానీలో మసాలా గ్రాముల్లో తూచి వేయించే సంస్థకు మనిషి పనిచేసిన గంటలు లెక్కకు రాకపోవడం అన్యాయం.

గత మే నెలలో ఆ అబ్బాయే గుండిగ దించుతుండగా మరుగుతున్న ఎసరు చేతి మీద పడింది. రాత్రి ఒంటిగంటకు మెట్ల దగ్గర చూశాను: మణికట్టు నుంచి మోచేతి దాకా బొబ్బలు, వాటి మీద పూసిన టూత్‌పేస్టు. విశాఖ ఉక్కకు ఫ్యాను కింద కూర్చున్నా చెమట ఆరని రోజుల్లో, బట్టీల పక్కన ఎగ్జాస్ట్ ఫ్యాను పాడై మూడు వారాలైందని అప్పుడే చెప్పాడు. ప్రైవేటు క్లినిక్‌లో సొంత డబ్బు కట్టాడు, పనికి వెళ్లని ఐదు రోజుల జీతమూ పోయింది. ఈఎస్ఐ అనే కార్మికుల బీమా కింద నెలనెలా జీతంలో 0.75 శాతం కోత పడుతూనే ఉంది. అయినా అతని ఈఎస్ఐ నంబరు ఎవరూ చేతికివ్వలేదు. మల్కాపురంలో ఈఎస్ఐ ఆస్పత్రి ఉందనీ, పనిలో గాయపడి ఇంట్లో ఉంటే వేతనంలో 90 శాతం మేర భృతి వస్తుందనీ అతనికి తెలియదు. వంటవాళ్లకు ఏటా వైద్య పరీక్ష చేయించాలన్న ఆహార భద్రత నిబంధన మాత్రం తప్పకుండా అమలవుతోంది. అది తినేవారి రక్షణ కోసం, అవసరమే, కాదనను. వండేవారి రక్షణ కూడా అంతే కచ్చితంగా అమలు కావాలి.

ఫిర్యాదు చేయమంటే మర్నాడే గది ఖాళీ చేసి ఊరికి పోవాల్సి వస్తుందని ఆ పిల్లలు భయపడుతున్నారు. కనుక కార్మిక శాఖ ఫిర్యాదు కోసం ఎదురుచూడకూడదు. పని వేళలు, ఓటీ నిబంధనలు తెలుగులో, ఒడియాలో వంటగది గోడపైనే ఉండేలా చూడాలి. చేరిన నెలలోనే ఈఎస్ఐ నంబరు ఉద్యోగి చేతికి అందించాలి. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ట్రేడ్ లైసెన్సు రెన్యువల్ సమయంలో ఎగ్జాస్ట్ పనిచేస్తోందో లేదో, విరామంలో సిబ్బంది కూర్చునే చోటు ఉందో లేదో చూడాలి. అన్నిటికంటే ముఖ్యంగా, తనిఖీ అధికారులు పగటిపూట కాకుండా రాత్రి 11 దాటాక ఒక్కసారి వచ్చి, ఆ వేళకు వంటగదిలో ఎందరున్నారో లెక్కపెట్టి హాజరు రికార్డుతో, జీతం చీటీలతో సరిపోల్చాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, మధురవాడ, విశాఖపట్నం