పానీయాల సీసాలపై తెలుగు ఏది?

సంపాదకులకు నమస్కారం.

పాలకొల్లులో మా మామగారు పెట్టిన షర్బత్ దుకాణాన్ని ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. మా సుగంధి షర్బత్‌లో ఏముందో ఎవరడిగినా చెబుతాను: సుగంధిపాల వేర్లు, పంచదార, నిమ్మరసం, నీళ్లు. వేర్లను బాగా కడిగి, దంచి, లోపలి గట్టి పుల్ల తీసేసి, బెరడును రాత్రంతా నానబెడతాం. మర్నాడు ఆ నీటితోనే పాకం పడతాం. అది ముదురు తేనె రంగులో ఉంటుంది గానీ ఎర్రగా ఉండదు. ఎసెన్సు సిరప్‌లకు అలవాటుపడినవాళ్లు మాత్రం ‘రంగు రాలేదేమండీ’ అంటారు. రంగు డబ్బాలు అమ్మే ఏజెంటు ప్రతి వేసవిలోనూ వచ్చి వెళుతుంటాడు. నేను కొనను.

అయితే నా బాధ సీసాల గురించి. మొన్న ఒక మామ్మగారు మనవడి కోసం కొన్న మామిడి పానీయం నా చేతికిచ్చి, ‘అమ్మాయ్, ఇందులో ఏం కలిపారో కాస్త చదివి పెట్టు’ అన్నారు. ఆవిడ రోజూ తెలుగు పత్రిక చదివే మనిషి. సీసా మీద తెలుగు అక్షరం ఒక్కటి లేదు. చదివి చెప్పాను: నీళ్లు, పంచదార, మామిడి గుజ్జు, ఆ తర్వాత 330, 211, 110 అనే అంకెలు. ఎక్కువ ఉన్న పదార్థం ముందు రాయాలన్నది నిబంధన. అంటే మామిడి కంటే పంచదారే ఎక్కువ. పండ్ల పానీయం అనిపించుకోవడానికి పండు 10 శాతం ఉంటే చాలు, నిమ్మకైతే 5 శాతమే. 330 అంటే సిట్రిక్ ఆమ్లం, 211 నిల్వ ఉండటానికి వేసే సోడియం బెంజోయేట్, 110 నారింజ ఛాయ ఇచ్చే కృత్రిమ రంగు. ఇవన్నీ పరిమితికి లోబడి అనుమతించినవేనని కూడా ఆవిడకు చెప్పాను. అంతా విని సీసా తిరిగిచ్చేసి, పెరట్లో కొత్తపల్లి కొబ్బరి మామిడి పళ్లుండగా ఇదెందుకని పిల్లవాడిని తీసుకుని ఇంటికి వెళ్లిపోయారు. తెలిస్తే జనం ఎంచుకోగలరు. తెలిసే దారే మూసుకుపోయింది. వివరాలు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే చట్టానికి సరిపోతుంది, తెలుగు వేయడం కంపెనీ ఇష్టం.

ఇది రుచికి సంబంధించిన మాటే అయితే నేను ఉత్తరం రాసేదాన్ని కాదు. విరేచనాలతో సోలిపోయిన పిల్లలకు ‘ఓఆర్ఎస్’ అన్న పేరు చూసి, ఒంట్లో తగ్గిన నీటినీ లవణాలనూ తిరిగి అందించే ద్రావణమే అనుకుని తల్లులు తీపి నీళ్లు పట్టించిన రోజులు మా వీధిలోనే చూశాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన అసలు ద్రావణంలో లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములే. ఆ పేరుతో అమ్మిన పానీయాల్లో చక్కెర అంతకు ఎన్నో రెట్లు ఉండేది. అంత చక్కెర పేగుల్లోకి నీటిని లాగి విరేచనాలను పెంచుతుంది. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో గానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రానికి సరిపోని పానీయాల మీద ఆ పేరు వాడకూడదన్న ఆదేశం రాలేదు. పేరు తీయించారు, మంచిదే. వెనకవైపు జాబితా మాత్రం ఇప్పటికీ మా ఊరి తల్లులకు అర్థం కాని భాషలోనే ఉంది.

పెళ్లి పందిళ్లలోనూ ఇదే తీరు. కోనసీమలో బొండాలు గెలలుగా వేలాడుతుంటే, వచ్చిన చుట్టాలకు నీలం, ఆకుపచ్చ రంగుల నీళ్లు గ్లాసుల్లో పోసి ఇస్తున్నారు. వంటవాళ్లను అడిగితే డబ్బా మీద రాసినట్టు కలిపామంటారు, ఆ డబ్బా మీద ఏముందో వాళ్లకూ తెలియదు.

రాష్ట్రంలో అమ్మే ప్రతి పానీయం మీద పదార్థాల జాబితా, వంద మిల్లీలీటర్లకు చక్కెర ఎంతో, తెలుగులో, కళ్లజోడు పెట్టుకున్న పెద్దవాళ్లు చదవగలిగినంత అక్షరాల్లో ఉండాలని ప్రభుత్వం కేంద్రాన్ని అడగాలి. విడిగా అమ్మే మాలాంటి దుకాణాలూ బోర్డు పెట్టాలి. నేను ఇప్పటికే పెట్టాను. ఈలోగా మీ పత్రిక ఒక పని చేయగలదు. పానీయాల్లో తరచూ కనిపించే ఆ అంకెలకు తెలుగు పేర్లతో ఒక పట్టిక వేయండి. కత్తిరించి దుకాణం గోడకు అంటిస్తాను, సీసా తెచ్చినవాళ్లు నిలబడి పోల్చి చూసుకుంటారు.

ఇట్లు,
ఒక షర్బత్ దుకాణదారు,
పాలకొల్లు